అన్న రెండో కన్ను

మా అన్నకు ఎడమ కన్ను ఎలా పోయిందో బాన్సువాడలో మా షాపుకు వచ్చే ప్రతివాడికీ తెలుసు. అన్నే చెప్పేవాడు, నవ్వుతూ, ఇంకెవరి సంగతో చెప్పినట్టు. కుడి కన్ను కాపాడటానికి నేను పడ్డ తిప్పలు మాత్రం బయట ఎవరికీ తెలియవు. అవి చెప్పుకునేంత గొప్పవీ కావు, ఫలించినవీ కావు. అయినా రాస్తున్నాను. ఈ మధ్య నాకు కోపం ఎక్కువైంది, దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి.

మాది బోధన్ రోడ్డు మీద వెల్డింగ్ షాపు. ముందు రేకుల షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్లకు రెయిలింగులు చేస్తాం. కాలువకు నీళ్లు వదులుతున్నారన్న కబురు రాగానే మాత్రం అవన్నీ మూలకు నెట్టి కేజీ వీల్స్ మీద పడతాం. బురద పొలాన్ని దమ్ము చేయడానికి ట్రాక్టరుకు తొడిగే ఇనప చక్రాలవి. ఏడాదంతా కొట్టం వెనక వానకు తడిసి తుప్పు పట్టి పడి ఉంటాయి. సరిగ్గా నీళ్లు వచ్చిన రోజే వాటి పట్టీలు విరిగాయని రైతులకు గుర్తొస్తుంది. కాలువ కింద భూములు కొని, క్యాంపులనే ఊళ్లు కట్టుకున్న ఆంధ్ర రైతులు, రుద్రూర్ వాళ్లు, పెద్ద కొడప్‌గల్ వాళ్లు అందరూ ఒక్కసారే వచ్చి మా షెడ్డు ముందు హారన్ కొడతారు.

షాపు అన్న సొంతం. నేను అతని దగ్గరే పని నేర్చుకుని అతని దగ్గరే ఉండిపోయాను. అన్న పని చూడటానికి బాగుండేది. ఇనుము కోసి, గ్రైండర్‌తో అంచు నున్నగా చేసి, ఆ పైపును భుజం దాకా ఎత్తి, ఒక కన్ను మూసి రెండో కంటితో ఈ కొస నుంచి ఆ కొసకు చూసేవాడు. ఎంత చిన్న వంకరైనా దొరికిపోయేది. "నీ కొలతలు నువ్వే వెట్టుకో, నాకు నా కన్ను సాలు" అని నా టేపును పక్కకు తోసేవాడు.

మా పనిలో ఒక ఆచారం ఉంది. కొత్త గ్రైండర్ డబ్బా విప్పగానే మొదట చేసేది దాని గార్డు ఊడదీయడం. తిరిగే డిస్కుకూ మన ముఖానికీ మధ్య అడ్డంగా ఉండే రేకు అది. కంపెనీవాడు ఊరికే ఎందుకు పెడతాడన్న ఆలోచన ఎవరికీ రాదు. చేతికి అడ్డం వస్తుంది, మూలల్లోకి పోనివ్వదు, కాబట్టి తీసెయ్యాలి, అంతే. మా షాపులో ఊడదీసిన గార్డులన్నీ పాత నట్లు వేసే డబ్బాలో ఉండేవి. దసరా రోజు వదిన వాటిని బయటికి తీసి, కడిగి, మిషన్లతో పాటు వాటికీ పసుపు రాసి బొట్టు పెట్టేది. మర్నాడు మళ్లీ డబ్బాలోకి. వాటికి ఏడాదిలో దక్కే మర్యాద అంతే.

ఎడమ కన్ను పోయింది పెద్ద ప్రమాదంలో కాదు. ఒక నలుసు వల్ల. గేటు అతుకు మీద గ్రైండర్ పెడితే నిప్పురవ్వలు లేస్తాయి కదా, వాటిలో ఒకటి కంట్లో పడింది. అద్దాలు లేవు. ఉన్నా పెట్టుకునేవాడు కాదు. నలుసు పడటం మాకు కొత్త కాదు కాబట్టి దాని వైద్యం కూడా ఎదురుగానే ఉండేది. రోడ్డుకు అవతల ట్రాక్టర్ మెకానిక్ ఒకాయన అగ్గిపుల్లకు దూది చుట్టి, కనురెప్ప తిరగేసి నలుసు తీసేవాడు. చుట్టుపక్కల షాపుల వాళ్లందరి కళ్లూ ఆయన చేతుల్లోనే. ఆయన వచ్చి కెలికాడు, "అచ్చేసింది" అన్నాడు, పుల్ల పారేసి టీ తాగి పోయాడు.

సాయంత్రమైనా గుచ్చుకోవడం తగ్గలేదు. అన్న ఇంట్లోకి వెళ్లాడు. వదిన అప్పుడు పసిబిడ్డ తల్లి. మా వైపు కంట్లో ఏది పడ్డా, కన్ను ఎర్రబడ్డా, బాలింత పాలు పోస్తారు. మా అవ్వ పోసింది, వాళ్ల అవ్వ పోసింది, నా కళ్లలో కూడా ఎవరో ఒక అక్క పాలు పడే ఉంటాయి. అన్న వదిన ఒళ్లో తల పెట్టి పడుకున్నాడు. ఆమె బిడ్డను పక్కన పడుకోబెట్టి, అతని రెప్ప విప్పి పాలు పిండింది. "సల్లగున్నది" అన్నాడు అన్న. ఆ మాట నాకు తలుపు ఇవతలికి వినిపించింది, నాకూ ప్రాణం కుదుటపడింది.

మర్నాడు కన్ను ఎర్రగా వాచింది. మళ్లీ పాలు పోశారు. ఆ తర్వాత రుమాలు కట్టుకుని పని చేశాడు. దవాఖానకు పోదామంటే, "నలుసుకు దవాఖానేందిరా, నవ్వుతరు" అన్నాడు. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనబడ్డాకే కదిలాడు. నిజామాబాద్‌లో కళ్ల డాక్టరు చూసి, ఇనుప ముక్క ఇంకా లోపలే ఉందనీ, తుప్పు పట్టిందనీ, పుండు చీము పట్టి లోపలికి దిగిందనీ చెప్పాడు. ఇంట్లో ఏం వేశారని అడిగాడు. వదిన తల వంచుకుని చెప్పింది. ఆయన ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. "పాలవల్లే అని చెప్పలేమమ్మా, అసలు దెబ్బ ఆలస్యం" అన్నాడు. వదినకు అందులో పాలన్న మాట తప్ప ఏదీ వినబడలేదు.

ఆ రోజు నుంచి ఆమె బిడ్డకు పాలివ్వలేదు. మెడికల్ షాపులో పాలపొడి డబ్బా, సీసా కొనుక్కుంది. రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చినా, మా అమ్మ వచ్చి కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. "నా పాలు విషమైనయి. బిడ్డకిస్తనా?" అంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. తర్వాత మెకానిక్ మీద, ఆ తర్వాత డాక్టరు మీద, అన్న మీద. అందరి మీదా అయిపోయాక కోపం అలాగే మిగిలిపోయింది.

కంటి పట్టీ విప్పిన కొద్ది రోజులకే అన్న షాపులోకి వచ్చి ఒక పైపు ఎత్తి చూశాడు. కుడి కంటితో, మామూలుగా. చూసి నవ్వాడు. "మీకు కన్ను మూసుకునే కష్టముంటది. నాకు దేవుడే మూసిపెట్టిండు, గా కష్టం గూడ లేదు" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. వెనక తలుపు దగ్గర బీడీలు చుడుతున్న వదిన చాట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి ఇంట్లో మిగిలిన ఫికర్ ఒక్కటే, అన్న కుడి కన్ను. అది పోతే అతనికి వెలుగు లేదు, మాకు షాపు లేదు. ఈ సంగతి అందరికంటే బాగా తెలియాల్సినవాడికి మాత్రం చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు.

నేను నిజామాబాద్ నుంచి అద్దాలు తెచ్చాను. పెట్టుకున్నాడు, కాసేపటికి తీసి మేకుకు తగిలించాడు. చెమటకు మసకబారుతున్నాయన్నాడు. గాలి పోయే రంధ్రాలున్నవి తెచ్చాను. వాటిల్లోంచి పొడి వస్తుందన్నాడు. ముఖమంతా కప్పే తొడుగు తెచ్చాను. "నన్నేమన్న దయ్యమనుకున్నవా" అని దాన్ని ట్రాక్టర్ డ్రైవరుకు ఇచ్చేశాడు. నేను అరిచాను. అతను మెల్లగానే చెప్పాడు, "అద్దాలు వెట్టుకుంటే సుద్దగీత కనవడది తమ్మీ. గీత కనవడకుంటే చెయ్యి తెగుతది. కన్ను కావాల్నా, చెయ్యి కావాల్నా? నువ్వే చెప్పు."

ఒకసారి రుద్రూర్‌లో గేటు బిగించి ఇద్దరం రెండు బండ్ల మీద వస్తుంటే చూద్దును కదా, అన్న నేను తెచ్చిన అద్దాలే పెట్టుకుని బండి నడుపుతున్నాడు. ఇదేందన్నా అంటే, "పొద్దూకినంక పురుగులు కండ్లల్ల వడ్తయి కదరా" అన్నాడు. పురుగులకు భయపడ్డాడు మా అన్న, ఇనుముకు భయపడలేదు. ఆ రోజు నేను బండి ఆపి రోడ్డు పక్కన కూర్చుని ఒక్కణ్నే తిట్టుకున్నాను.

గార్డు సంగతి కూడా అంతే. మా చిన్న గ్రైండర్‌కు గార్డు బిగించి, ఎవరూ విప్పకుండా దాని స్క్రూ మీద వెల్డింగ్ చుక్క పెట్టాను. చాలా తెలివైన పని చేశానని ఆ పూటంతా మురిసిపోయాను. మర్నాడు వచ్చేసరికి ఆ గార్డు డబ్బాలో ఉంది. గార్డు లేని రెండో గ్రైండర్‌తో ఆ చుక్కను కోసేశాడు. అద్దాలు లేకుండానే కోసి ఉంటాడు, అడగడం కూడా దండగ.

అసలు ఎందుకు భయపడడని ఒకసారి నిలదీశాను. ఎడమ కన్ను తీసింది ఈ మిషనే, దీన్ని అమ్మెయ్యమన్నాను. అన్న ఆశ్చర్యంగా చూశాడు. "దీన్నెందుకు అమ్ముత? ఇదిప్పుడు మంచిది. తీస్కునేది తీస్కున్నది, ఇగ అడుగది" అన్నాడు. రక్తం చూడని కొత్త మిషన్ అంటేనే మావాళ్లకు భయం. దసరాకు దాని ముందు కోడిని కోసి చుక్క అంటించేదాకా ఎవరూ నమ్మరు. ఒకసారి మనిషి రక్తం చూసిందంటే ఇక దాని ఆకలి తీరినట్టే లెక్క. అన్న ఈ మాట తాగి అనలేదు, వేళాకోళానికి అనలేదు. తన కన్ను ఇచ్చి మిషన్‌ను శాంతపరిచానని మనస్ఫూర్తిగా నమ్మాడు. అలా నమ్మిన మనిషికి అద్దాలెలా పెట్టించాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఏడు కాలువ నీళ్లు అనుకున్నదానికంటే ముందు వచ్చాయి. షెడ్డు ముందు కేజీ వీల్స్ గుట్టలు పడ్డాయి. క్యాంపు రైతు ఒకాయన పొద్దుటి నుంచి కుర్చీలోనే కూర్చున్నాడు. "ఏవయ్యా మేస్త్రీ, నీళ్లొచ్చేసినయ్యి. సాయంత్రానికి అవుద్దా అవ్వదా, ఏదో ఒకటి చెప్పు" అని నిమిషానికోసారి అడుగుతున్నాడు. మంచివాడే, తొందర ఆయనది. చిన్న గ్రైండర్ డిస్కులు అయిపోయాయి. నేను కొని తెస్తానన్నాను. "గంతసేపు ఎవడాగుతడు" అని అన్న పెద్ద గ్రైండర్ డిస్కు ఒకటి తీసి, నడుమ రంధ్రం వదులుగా ఉంటే వాషరు వేసి, చిన్నదానికి బిగించాడు. చిన్న మిషన్ పెద్దదానికంటే వేగంగా తిరుగుతుంది. పెద్ద డిస్కు ఆ వేగానికి తట్టుకోదు. అది ఆ గార్డులో పట్టదు కూడా, కానీ గార్డు ఎటూ డబ్బాలోనే ఉంది కదా.

"అన్నా, వద్దు" అన్నాను. "నువ్వు నీ పని సూస్కో" అన్నాడు. నేను వెల్డింగ్ అద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని నా పనిలోకి వంగాను. గ్రైండర్ గొంతు ఒక్కసారిగా మారింది. ఠప్‌మని పేలిన శబ్దం, తర్వాత ఉట్టి మోటారు తిరుగుతున్న శబ్దం. అద్దం దించి చూస్తే అన్న చక్రం పక్కన కూలబడి, అరచేతితో కుడి కన్ను మూసుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. "ఏం గాలే తమ్మీ, నలుసు వడ్డది" అన్నాడు. అంత రక్తంలో కూడా నలుసే అన్నాడు.

జనం పోగయ్యారు. ఎవరో నీళ్లు తెచ్చారు. మెకానిక్ అగ్గిపెట్టె కోసం జేబు తడుముకుంటున్నాడు. గుంపులోంచి ఒకాయన, పాపం మంచికే, "ఎవలింట్లనన్న బాలింత ఉన్నదా సూడున్రి, రెండు సుక్కల పాలు వోస్తే సల్లవడ్తది" అన్నాడు.

వదిన గొంతు నేను ఎప్పుడూ పెద్దగా విని ఎరగను. ఆ రోజు విన్నాను. "పాలన్న మాట ఎవలన్న ఎత్తిన్రంటే సంపుత!" అని అరిచింది. రోడ్డు మీద బండ్లు కూడా ఆగాయి. ఆమె చేతిలో బీడీ ఆకు కత్తిరించే కత్తెర ఉంది, అది ఉన్న సంగతి ఆమెకు తెలియదు. మెకానిక్ వెనక్కి తగ్గాడు. ఆమె అన్న చెయ్యి కంటి మీద నుంచి కదలకుండా తన చేత్తో పట్టుకుని, "కారు తియ్యండయ్యా" అని క్యాంపు రైతును బతిమాలింది. ఆయన చక్రాల మాట మరిచి కారు తీశాడు.

ఈసారి మేము ఏ ఆలస్యమూ చేయలేదు. ఏదీ పోయలేదు, ఏదీ కెలకలేదు. దారి పొడుగునా వదిన అతని చెయ్యి వదలలేదు. చేయవలసినవన్నీ చేశాం. డాక్టర్లు కూడా చేయగలిగిందంతా చేశారు. హైదరాబాద్ కూడా పోయి వచ్చాం. డిస్కు ముక్క గుడ్డును చీల్చిందట. చివరికి మిగిలిందేమిటంటే, అన్నకు వెలుగు తెలుస్తుంది. తలుపు తీసి ఉందో మూసి ఉందో చెప్పగలడు. ఎదుట మనిషి నిలబడితే చీకటి అడ్డం వచ్చినట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు.

ఇప్పుడు అన్న పొద్దున్నే షెడ్డు ముందు కుర్చీలో కూర్చుంటాడు. వెలుతురు పడితే గుచ్చుతుందని డాక్టరు నల్లద్దాలు ఇచ్చారు. పొద్దంతా పెట్టుకునే ఉంటాడు, పడుకునేటప్పుడు కూడా వదిన గుర్తు చేస్తే గానీ తీయడు. నేనెన్ని రకాలు తెచ్చినా పెట్టుకోని మనిషి. ఆ అద్దాల్ని చూసినప్పుడల్లా నాకు ఏడుపు రాదు, ఒళ్లు మండుతుంది.

చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. చప్పుడు విని, డిస్కు అరిగిందని చెప్తాడు. నేను గ్రైండర్ స్విచ్ మీద చెయ్యి వేసేలోపే, ఎలా తెలుస్తుందో, అటువైపు తల తిప్పి అడుగుతాడు.

"అద్దాలు వెట్టుకున్నవా తమ్మీ?"

"వెట్టుకున్ననే."

మళ్లీ కాలువ నీళ్లు వచ్చాయి. మళ్లీ ట్రాక్టర్లు, మళ్లీ హారన్లు. మొన్న ఒక చక్రం లోపలి మూలలో విరిగిన పట్టీ కోయాల్సి వచ్చింది. గార్డుతో ఆ సందులోకి గ్రైండర్ పోలేదు. గార్డు విప్పి పక్కన పెట్టాను. సుద్దతో గీసిన గీత మీదికి వంగాను. చెమటకు అద్దాలు మసకబారాయి. తుడిచాను, మళ్లీ మసక. రవ్వలు తగిలి తగిలి అద్దాల నిండా గీతలు, వాటిలో నా సుద్ద గీత ఏదో తెలియలేదు. అద్దాలను నుదుటి మీదికి నెట్టాను.

"అద్దాలు వెట్టుకున్నవా?" అన్నాడు అన్న.

"వెట్టుకున్న" అన్నాను.

వదిన అన్న కుర్చీ పక్కనే కింద కూర్చుని బీడీలు చుడుతోంది. తలెత్తి నన్ను చూసింది. చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. ఒక్క మాట అనలేదు, అన్నకు వినిపిస్తుందని కాబోలు. పొగాకు వాసన కొడుతున్న చేత్తో నా నుదుటి మీది అద్దాలను కళ్ల మీదికి దించి, చెవుల వెనక సర్ది, తిరిగి వెళ్లి కూర్చుంది.

గీత మళ్లీ మాయమైంది. బయట రైతు హారన్ కొట్టాడు. వదిన ఆకు చేతిలోకి తీసుకుని చాట మీదికి తల వంచేదాకా ఆగాను. తర్వాత అద్దాలు పైకి నెట్టి స్విచ్ వేశాను.